శక్తి ఉందన్న మాట: కథలో, ఊళ్లో

మీరు వారపత్రికల్లో సీరియల్ నవలలు చదివే ఉంటారు. యండమూరి వీరేంద్రనాథ్ రాసిన 'తులసిదళం' పేరైనా విని ఉంటారు. తులసి అనే చిన్నపిల్ల మీద కాష్మోరా అనే క్షుద్రశక్తిని ప్రయోగించడం అందులోని కథ. దానికి కొనసాగింపుగా 'తులసి' నవల వచ్చింది. దాని ఆధారంగా 1986లో 'కాష్మోరా' సినిమా తీశారు. ఇంగ్లీషులో స్టీఫెన్ కింగ్ 1974లో 'క్యారీ' అనే నవల రాశాడు. అందులో హైస్కూలు పిల్ల ఒకతె వస్తువులను మనసుతోనే కదిలించగలదు. తోటిపిల్లలు ఏడిపించి ఏడిపించి వదిలితే, చివరికి ఆ శక్తి ఊరి మీద విరుచుకుపడుతుంది.

ఇలాంటి కథల్లో మొదటి భాగానికీ రెండో భాగానికీ ఉన్న తేడాను గమనించండి. మొదటి భాగంలో, ఆ శక్తి నిజమా, భ్రమా అన్న సందేహం మనల్ని చదివిస్తుంది. రెండో భాగం మొదలయ్యేసరికి సాధారణంగా ఆ సందేహం తీరిపోయి ఉంటుంది. శక్తి ఉన్న మనిషిని ఏం చేయాలన్నదే మిగులుతుంది. కథలో ఇది చెల్లుతుంది. ఎందుకంటే శక్తి ఎవరిదో రచయితకు తెలుసు. మన కళ్లకు కట్టి చూపిస్తాడు కూడా. భయపడుతూ చదవడంలో ఆనందం ఉంది, అందులో తప్పేమీ లేదు.

ఇప్పుడు నవలను పక్కన పెట్టి జంషెడ్‌పూర్ వైపు వెళ్దాం. ఉక్కు కర్మాగారం పనికి వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి మీకు ఆ పేరు కొత్త కాదు. ఆ నగరం చుట్టుపక్కల పల్లెల్లో 'డాయన్' అన్న మాట వినబడుతుంది. చేతబడి చేసే ఆడమనిషి అని అర్థం. ఊళ్లో పిల్లకు జ్వరం తగ్గదు, లేదా పశువు చనిపోతుంది. ఆసుపత్రి దూరం. ఓఝా, అంటే మన భూతవైద్యుడి వంటివాడు, దగ్గర. అతడు ఎవరో ఒకరి వైపు వేలు చూపుతాడు. ఆమె తరచుగా వితంతువో, ఒంటరి మనిషో అయి ఉంటుంది. ఆమె పేర కొంత భూమి ఉంటే, దాని మీద కన్నున్న బంధువులూ ఉంటారు. ఇక్కడ మొదటి భాగం అసలు జరగదు. శక్తి నిజమా అని ఎవరూ అడగరు; కథ నేరుగా రెండో భాగంతోనే మొదలవుతుంది.

జంషెడ్‌పూర్‌కు ఆనుకొని ఉన్న సరాయికేలా-ఖర్సావాన్ జిల్లాలో ఛుట్నీ మహతోకు 1995లో ఇదే జరిగింది. పొరుగింటి అమ్మాయి జబ్బుపడితే ఆమే చేసిందన్నారు. ఊరి పంచాయితీ 500 రూపాయలు జరిమానా వేసింది. ఆమె కట్టింది. అయినా ఊరుకోలేదు, ఆమె మీద దాడి చేశారు. పిల్లలను వెంటబెట్టుకొని పారిపోయి, చివరకు పుట్టిల్లయిన బీర్‌బాంస్ చేరింది. తర్వాత అదే నింద పడ్డ ఆడవాళ్లకు అండగా నిలబడింది. 2021లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ప్రకటించింది.

జంషెడ్‌పూర్‌లోని ఫ్రీ లీగల్ ఎయిడ్ కమిటీ వంటి సంస్థలు ఈ దురాచారానికి ప్రత్యేక చట్టం కావాలని పట్టుబట్టాయి. బీహారు 1999లో ఆ చట్టం చేసింది. దేశంలో ఇటువంటిది అదే మొదటిది. మరుసటి ఏడాది జార్ఖండ్ వేరే రాష్ట్రమై, 2001లో దాన్ని తనదిగా చేసుకుంది. చట్టం ప్రకారం ఒకరిని డాయన్ అని పేరు పెట్టడమే నేరం: మూడు నెలల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ పేరుతో హింసిస్తే జైలు ఆరు నెలల దాకా, జరిమానా 2,000 దాకా. మంత్రంతో నయం చేస్తానని బయలుదేరే ఓఝాకు ఏడాది దాకా శిక్ష ఉంది. హత్య జరిగితే మామూలు నేర చట్టమే వర్తిస్తుంది. ఒక మనిషి బతుకును ఛిద్రం చేసే మాటకు మూడు నెలలు మరీ తక్కువని మీకు అనిపిస్తే, అలా అనుకునేవారు ఇంకా చాలామంది ఉన్నారు.

మరొకటి కూడా తెలుసుకోండి. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం ఆదాయం ఎంతైనా సరే, మహిళలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది.

ప్రశ్న: పొరుగింటి అమ్మాయి జబ్బుకూ ఛుట్నీ మహతోకూ సంబంధం ఉందనడానికి ఊరివాళ్లకు ఏ ఆధారం ఉంది? రెండు వాక్యాల్లో రాయండి.