పాత కంప్యూటరుకి గ్రాఫిక్స్ కార్డు – కొనేముందు నాలుగు మాటలు

"ఏరా అబ్బాయ్, ఆ డబ్బాలో ఏం పెట్టించావ్? బొమ్మ మొన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది గదా!"

రెండేళ్ళ కిందట వేసవి సెలవుల్లో మా నాన్నగారు అడిగిన మాట ఇది. మాది జంగారెడ్డిగూడెం దగ్గర మెట్ట సేద్యం చేసుకునే కుటుంబం. అంతకు నాలుగు రోజుల ముందే మొక్కజొన్న అమ్మిన డబ్బులోంచి నాలుగున్నర వేలు తీసి నా చేతిలో పెట్టారు. ఏదో ఆఫీసులో వాడి తీసేసిన డెస్క్‌టాపు ఒకటి ఇంటర్ చదివే రోజుల్లో నాకు కొనిపెట్టారు. ఇంటెల్ ఐ5, నాలుగో తరం. దాని మీద బ్లెండర్‌లో బొమ్మలు చేయడం నేర్చుకుంటుంటే అది నత్తలా నడుస్తోంది. "గ్రాఫిక్స్ కార్డు వేయించు, గుర్రంలా పరుగెడుతుంది" అన్నారు స్నేహితులు. దుకాణానికి వెళ్ళాను. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో "4 జిబి" అని ఉంది. ఇంకేం ఆలోచించకుండా కొనేశాను. ఇంటికొచ్చి బిగిస్తే తేడా ఏమీ లేదు. వెనక్కి తీసుకోమంటే దుకాణదారు "సీలు తీశారు గదండీ" అన్నాడు.

ఆ డబ్బు మా ఇంట్లో ఎన్ని ఖర్చులకు సరిపోయేదో నాకు తెలుసు. అందుకే ఆ తరువాత ఆరు నెలలు ఈ విషయం గురించి దొరికిందల్లా చదివాను. మన కాలేజీలో నాలాంటి పాత కంప్యూటర్లున్న మిత్రులు చాలామంది ఉన్నారు. వారి డబ్బైనా వృథా కాకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అసలు ఈ కార్డు చేసే పనేమిటి?

మన మానిటరు మీద కనిపించే బొమ్మ చిన్న చిన్న చుక్కల కూర్పు. మామూలు మానిటరులో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. హెచ్చిస్తే 20,73,600. ఇవన్నీ సెకనుకి 60 సార్లు మారాలంటే సెకనుకి 12 కోట్ల 44 లక్షల చుక్కల రంగులు తేల్చాలి. మన ఐ5 ప్రాసెసరులో ఉన్నవి నాలుగు కోర్లు. అవి నలుగురు మేస్త్రీల లాంటివి. ఎంత చిక్కు పనైనా చేస్తారు గానీ ఉన్నది నలుగురే. గ్రాఫిక్స్ చిప్పు నాట్లు వేసే ముఠా లాంటిది. వందల మంది వరసగా నిలబడి ఒకే చిన్న పనిని ఒకేసారి చేస్తారు. చుక్కల పని అలాంటిదే కనుక ముఠాకే అప్పగించాలి.

ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావాటికి లోపలే ఒక చిన్న ముఠా ఉంటుంది. నా ఐ5లో ఉన్నది హెచ్‌డి గ్రాఫిక్స్ 4600. పాఠాలు వినడానికి, సి ప్రోగ్రాములు రాసుకోవడానికి, సినిమా చూడటానికి అది చాలు. దానికి సొంత మెమరీ ఉండదు, కంప్యూటరు ర్యామునే వాడుకుంటుంది. ఇక్కడే ఒక కిటుకుంది. ర్యాము ఒకే ముక్కగా ఉంటే (డిడిఆర్3, 1600 రకం) సెకనుకి 12.8 జిబి సమాచారం మాత్రమే నడుస్తుంది. సరైన స్లాట్లలో రెండు ముక్కలుంటే 25.6 జిబి నడుస్తుంది. నా కంప్యూటరులో ఉన్నది ఒకటే ముక్క! కాబట్టి కార్డు మాట ఎత్తే ముందు రెండు పనులు చేసుకోండి. ర్యాము జత చేయండి. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డి పెట్టించండి. "కంప్యూటరు స్లో" అనే ఫిర్యాదుల్లో సగం అక్కడే తీరిపోతాయి. ఆ తరువాత కూడా త్రీడీ బొమ్మలు, వీడియో ఎడిటింగు, ఆటలు, కుడా ప్రోగ్రామింగు లాంటి అవసరం మిగిలితే అప్పుడు కార్డు.

కరెంటు చాలుతుందా?

ఒక మోటారుకి సరిపోయే లైను మీద ఇంకో రెండు మోటార్లు తగిలిస్తే ఏమవుతుందో రైతుబిడ్డలకు చెప్పనక్కరలేదు. కంప్యూటరులో ట్రాన్స్‌ఫార్మరు లాంటిది ఎస్ఎంపిఎస్. ఆఫీసుల నుంచి వచ్చిన పాత కంప్యూటర్లలో ఇది తరచు 240 నుంచి 290 వాట్ల లోపే ఉంటుంది. మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే స్లాటు ఇవ్వగలిగింది 75 వాట్లు. అంతకు మించి కావాలంటే ఎస్ఎంపిఎస్ నుంచి ఆరు పిన్నుల వైరు విడిగా రావాలి. పాత ఆఫీసు కంప్యూటర్లలో చాలావాటికి ఆ వైరు ఉండదు. ఎస్ఎంపిఎస్ మారుద్దామంటే వాటి ప్లగ్గులు కూడా కంపెనీకొక తీరుగా ఉంటాయి. కనుక మన బోటివాళ్ళు 75 వాట్ల లోపు, వేరే వైరు అక్కరలేని కార్డులే చూసుకోవాలి.

అలాంటివి కొన్ని: జిటి 1030 (30 వాట్లు), ఆర్ఎక్స్ 6400 (53 వాట్లు), ఆర్‌టిఎక్స్ 3050లో 6 జిబి రకం (70 వాట్లు), జిటిఎక్స్ 1050 టిఐ, జిటిఎక్స్ 1650 (75 వాట్లు). చివరి రెండింటిలో ఆరు పిన్నుల ప్లగ్గు పెట్టి చేసినవి కూడా ఉన్నాయి. చేతిలోకి తీసుకుని అంచు చూసి మరీ కొనండి.

పడుతుందా?

సన్నటి పెట్టెలాంటి కంప్యూటరైతే అందులో సగం ఎత్తు కార్డే పడుతుంది. దాన్ని 'లో ప్రొఫైల్' అంటారు. మూత తీసి స్కేలు పెట్టి పొడవు, ఎత్తు కొలుచుకుని ఆ అంకెలు కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్ళండి.

కాలవ ఎంత వెడల్పు?

కార్డుకీ ప్రాసెసరుకీ మధ్య సమాచారం పారే కాలవ పేరు పిసిఐ ఎక్స్‌ప్రెస్. ఇంటెల్ రెండో తరంలో (2011) ఉన్నది 2.0 రకం. ఒక్కో పాయలో సెకనుకి సుమారు అర జిబి పారుతుంది. మూడో తరం (2012) నుంచి వచ్చిన 3.0 రకంలో దాదాపు ఒక జిబి. స్లాటులో 16 పాయలున్నా కార్డు అన్నిటినీ వాడుకుంటుందన్న హామీ లేదు. జిటిఎక్స్ 1650 పదహారూ వాడుతుంది. 3050 ఎనిమిది వాడుతుంది. 2022లో వచ్చిన ఆర్ఎక్స్ 6400 నాలుగే వాడుతుంది. అది 4.0 రకం కాలవను దృష్టిలో పెట్టుకుని చేసింది. దాన్ని రెండో తరం కంప్యూటరులో గుచ్చితే రెండు జిబీల కాలవే మిగులుతుంది. పైగా అందులో వీడియోను కుదించి రికార్డు చేసే విభాగమే లేదు. వీడియో పని చేసేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంటెల్ ఆర్క్ కార్డులు మంచివే గానీ వాటికి 'రీసైజబుల్ బార్' అనే సదుపాయం కావాలి. పదో తరం, ఆ పైవాటితో వాడమని ఇంటెల్ వారే చెప్పారు. మన పాతవాటికి కుదరవు.

నేను మోసపోయిన చోటు

జిబిలు చెప్పేది గాదె ఎంత పెద్దదనే. గాదెలోంచి ధాన్యం ఎంత వేగంగా బయటికొస్తుందన్నది వేరే సంగతి. జిటి 1030నే తీసుకోండి. 2017లో జిడిడిఆర్5 మెమరీతో వచ్చింది, సెకనుకి 48 జిబి. 2018లో అదే పేరుతో డిడిఆర్4 మెమరీతో ఇంకొకటి వచ్చింది, సుమారు 17 జిబి. పేరొకటే, 2 జిబి ఒకటే, వేగం మూడో వంతు! జిటిఎక్స్ 1050 టిఐలో ఇది 112 జిబి. పెట్టె మీద 'డిడిఆర్3', 'డిడిఆర్4' అని ఉంటే ఎన్ని జిబిలున్నా పక్కన పెట్టేయండి. ముందు 'జి' ఉండాలి. నేను చూడనిది ఆ ఒక్క అక్షరమే.

మానిటరు వైరు

పాత మానిటర్లకు చాలావాటికి నీలం రంగు విజిఎ ప్లగ్గే ఉంటుంది. పైన చెప్పిన కార్డులకు ఆ ప్లగ్గు లేదు. హెచ్‌డిఎంఐ నుంచి విజిఎకి మార్చే కన్వర్టరు కొనుక్కోవాలి. అది కేవలం వైరు కాదు, లోపల చిన్న సర్క్యూటు ఉన్నదై ఉండాలి.

ఎంతకాలం ఆదరణ?

కార్డుకి కంపెనీ డ్రైవరు ఇస్తూ ఉంటేనే అది బతికున్నట్టు. జిటి 1030, 1050 టిఐ కార్డులు పాస్కల్ తరం. వాటికి కొత్త ఆటల కోసం ఇచ్చే డ్రైవర్లను ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది. భద్రతా సవరణలు మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తామంది. 2025లో వచ్చిన కుడా 13 కూడా పాస్కల్‌ను వదిలేసింది. జిటిఎక్స్ 1650 (2019) తరువాతి తరానిది కనుక ఆ వేటు తప్పించుకుంది. ఇంకొక మాట: విండోస్ 10కి ఉచిత ఆదరణ 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొత్త కార్డు పెట్టినంత మాత్రాన నాలుగో తరం ప్రాసెసరు విండోస్ 11కి అర్హత పొందదు. లినక్సు నేర్చుకోవడం మంచిది.

సెకండ్‌హ్యాండ్ సంగతి

మనలో చాలామందికి సెకండ్‌హ్యాండే శరణ్యం. ఏలూరు, విజయవాడల్లో వెతకొచ్చు. సికింద్రాబాదు వెళ్ళే పనుంటే అక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటర్ (అందరూ సిటిసి అంటారు) ఉండనే ఉంది. 2022 సెప్టెంబరులో ఇథీరియం పద్ధతి మారేదాకా రాత్రింబవళ్ళు 'మైనింగు'లో నలిగిన కార్డులు కూడా బజారులో ఉంటాయి. పాత చిప్పుకి కొత్త పేరు ఎక్కించిన దొంగ కార్డులూ ఉంటాయి. డబ్బిచ్చే ముందు 'జిపియు-జెడ్' అనే ఉచిత ప్రోగ్రాములో చూడండి. 1050 టిఐ అయితే 768 షేడర్లు, 1650 అయితే 896 చూపించాలి. అరగంట బరువైన పని పెట్టి నడిపించమనండి. ఫ్యాను గరగరలాడినా, బొమ్మలో చారలొచ్చినా దండం పెట్టి వచ్చేయండి.

చివరికి నేనేం చేశాను?

ఆ మొదటి కార్డు ఇప్పటికీ బీరువాలో ఉంది. మా అమ్మ పారేయనివ్వదు, "నాలుగున్నర వేలురా" అంటుంది. సెలవుల్లో మా ఊరి పిల్లలకు లెక్కలు చెప్పిన డబ్బుతో ముందు ర్యాము జత చేశాను. మొక్కజొన్న నూర్పిళ్ళ దుమ్ముతో నిండిన ఫ్యానులు శుభ్రం చేశాను. ఎస్ఎస్‌డి పెట్టాను. సగం బాధ తీరింది. నిరుడు దసరాకి ఆరు పిన్నులు అక్కరలేని సెకండ్‌హ్యాండ్ 1650 ఒకటి అరగంట నడిపించి చూసుకుని తెచ్చాను. ఇంతకుముందు రాత్రంతా పట్టే బొమ్మ ఇప్పుడు భోజనం చేసి వచ్చేలోపు తయారవుతోంది.

ఈసారి మా నాన్నగారు కాసేపు నిలబడి చూశారు. "బోరులో నీళ్ళెంత లోతునున్నాయో కొలవకుండా ఎవడైనా మోటారు కొంటాడా? ఆ మాట అప్పుడు నన్నడిగితే చెప్పేవాణ్ణి గదరా" అన్నారు.

మిత్రులారా, మూత తీసి కొలుచుకోవడానికి కావలసింది ఒక స్క్రూడ్రైవరు, ఒక స్కేలు, పావుగంట సమయం. ఒంటరిగా మూత తీయడానికి భయమైతే చెప్పండి, హాస్టలు గదికి వచ్చి నేను తీసిపెడతాను.