తిల్దా అని కొడితే బాస్మతి వచ్చింది

మా మేనకోడలు తొమ్మిదో తరగతి. రాయపూర్ దగ్గర తిల్దాలో ఉంటారు వాళ్ళు. 'మా ఊరు' ప్రాజెక్టు కోసం ఫోన్‌లో ఇంగ్లీషులో ఊరి పేరు కొట్టింది. బ్రిటన్‌ కంపెనీ టిల్డా బాస్మతి బియ్యం ప్యాకెట్టూ, టిల్డా స్వింటన్ అనే హాలీవుడ్ నటీ వచ్చాయి. "మామయ్యా, మా ఊరు గూగుల్లో లేదు" అని తేల్చేసింది.

అపోహ: వెతికితే దొరకలేదంటే లేనట్టే.

వాస్తవం: అడిగిన తీరు కుదరలేదు, అంతే. పక్కన రాయపూర్ అని చేర్చితే సగం గొడవ పోతుంది. ఊరిది తిల్దా-నేవరా అని జంట పేరు, అందులోని నేవరాని రైల్వేవాళ్ళు ఇంగ్లీషులో ఒకలా, మునిసిపాలిటీవాళ్ళు ఇంకోలా రాస్తారు. రెండూ కొట్టాలి, హిందీలోనూ కొట్టాలి. పాత సంగతులకైతే ఛత్తీస్‌గఢ్ అన్న మాటే అడ్డం. 2000 నవంబర్ 1 దాకా అది మధ్యప్రదేశ్, తెల్లదొరల కాలంలో సెంట్రల్ ప్రావిన్సెస్. 1909 నాటి రాయపూర్ జిల్లా గెజిటియర్ ఆ పేరు కిందే ఉంటుంది.

అపోహ: పది సైట్లు ఒకే మాట చెబితే అది నిజమే.

వాస్తవం: ఒకడి నోట్సు పదిమంది ఎక్కించుకున్నా పది నోట్సులు కనిపిస్తాయి. రాయపూర్ జిల్లా జనాభా 40,63,872 అని మా పిల్ల రాసుకుంది. 2011 జనగణన లెక్క అది, తప్పు కాదు. కానీ 2012 జనవరిలో బలౌదాబజార్, గరియాబంద్ విడిపోయాయి. అంకె అలాగే ఉంది, జిల్లా చిక్కిపోయింది! '2024లో తిల్దా జనాభా' అని చూపే సైట్లది మరీ విడ్డూరం. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది కాబట్టి అది ఎవరో వేసిన అంచనా. జనగణన శాఖ జిల్లా హ్యాండ్‌బుక్‌లో పట్టణాలవారీగా పట్టికలున్నాయి, ఉచితం. చూసేవాళ్ళే తక్కువ.

అపోహ: అన్నిటికన్నా పైనున్నదే నమ్మదగింది.

వాస్తవం: 'స్పాన్సర్డ్' అని ఉంటే డబ్బిచ్చి ఎక్కింది. లేకపోయినా, ఆ వరుసలో పలుకుబడికి వాటా ఉంది.

అపోహ: వికీపీడియా ముట్టుకోకూడదు.

వాస్తవం: ముట్టుకోండి, పేజీ అడుగున ఉన్న మూలాల కోసం. ఏఐ చెప్పిన పుస్తకం పేరు మాత్రం, అసలు ఉందో లేదో చూసుకున్నాకే రాయాలి.

ఆదివారం మా పిల్ల స్టేషనుకెళ్ళి పసుపు బోర్డు ఫొటో తీసుకొచ్చింది. ఊరి పేరు, కింద సముద్రమట్టం నుంచి ఎత్తు. ప్రాజెక్టు మొదటి పేజీలో అదే అంటించింది.