నెత్తురు పడిన ప్రతిసారి మొలలేనా?

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో విరేచనముతో నెత్తురు పడినచో మొలలని తలచి నాటుమందు వాడువారు కలరు. ఆ ఊహ తరచు నిజమే. కాని పురీషనాళపు కేన్సరు కూడ ఇట్లే మొదలు కావచ్చును. మందుతో గడచిన నెలలలో గడ్డ లోలోన పెరుగును.

తొలి పరీక్షకు యంత్ర మక్కరలేదు. పురీషనాళము పొడవు సుమారు 12-15 సెంటీమీటర్లు. తొడుగు ధరించిన వైద్యుని వ్రేలు దాని దిగువ భాగమును తడిమి చూడగలదు. పై భాగమును గొట్టపు దర్శినితో పరికింతురు. గడ్డ కనిపించినచో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షింతురు. రోగమును నిర్ధారించునది ఇదియే. అది ఎంతవరకు వ్యాపించినదో ఎం.ఆర్.ఐ., సి.టి. చిత్రములు తెలుపును.

1908లో ఇంగ్లండులో ఎర్నెస్టు మైల్సు వివరించిన శస్త్రచికిత్సలో మలద్వారమును తొలగించి, పొట్టపై శాశ్వతమార్గ మేర్పరచెడివారు. నేడు అవసరమైనవారికి ముందుగా కిరణచికిత్స, ఔషధములు ఇచ్చి గడ్డను కుదింతురు. పెక్కుమందికి సహజమార్గము నిలుచుచున్నది. ఆఫ్రికాలోని అనేక దేశములలో కిరణయంత్రములే కరవు. ఈ మూడూళ్ళవారికి తెనాలి మీదుగా గుంటూరుకు రైలుదారి కలదు. అచ్చటి ప్రభుత్వాసుపత్రిలో కేన్సరు చికిత్సాకేంద్ర మున్నది.

మొలలున్నవారికి కేన్సరు రాదను నియమము లేదు. కావున నెత్తురు ఆగకున్నను, విరేచనపు తీరు మారినను, మందుకు ముందు వ్రేలి పరీక్ష జరుగవలెను.