పెళ్లి మందు కాదు

“పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు.” ఈ సామెత వినని తెలుగువారుండరు. నలుగురూ కూర్చున్న చోట నవ్వులాటకు వాడుకునే మాట ఇది. కానీ ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పల్లెల్లో కొన్ని ఇళ్లకు ఇది నవ్వులాట కాదు. ఎదిగిన కొడుకు తీరు మారితే “ఓ ఇంటివాణ్ణి చేస్తే వాడే సర్దుకుంటాడు” అంటారు. ఆడపిల్ల తీరు మారితే “ఓ అయ్య చేతిలో పెడితే అన్నీ అవే పోతాయి” అంటారు. అలా వైద్యానికి ముందే ముహూర్తం పెట్టిస్తారు. ఆ ముహూర్తంతో రెండు బతుకులు చిక్కుల్లో పడుతున్నాయి.

అసలు చిక్కేమిటంటే మనసుకు వచ్చే పెద్ద జబ్బులు చాలావరకు ప్రేమ, పెళ్లి వయసులోనే వస్తాయి. స్కిజోఫ్రీనియా అనే జబ్బు ఎక్కువగా పద్దెనిమిది, ముప్ఫై ఏళ్ల మధ్య బయటపడుతుంది. మగవారిలో కాస్త ముందుగా, ఆడవారిలో కాస్త ఆలస్యంగా కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 300 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంది. కులం, ఆస్తి, చదువు చూసి వచ్చే జబ్బు కాదిది.

కల్లం దగ్గర మొదలైన అనుమానం

ఈ జబ్బు ఒక ఇంట్లోకి ఎలా అడుగు పెడుతుందో తెలియాలంటే ఒక జంటను ఊహించుకుందాం. ఊరు ఏదైనా ఒకటే. అబ్బాయికి ఇరవై రెండేళ్లు. సొంతం రెండెకరాలు, కౌలు నాలుగెకరాలు. అమ్మాయి మేనమామ కూతురు, ఇంటర్ చదివింది. ఇద్దరికీ చిన్ననాటి నుంచి ఇష్టం. పెద్దలకూ ఇష్టమే. మిర్చి అమ్మగానే లగ్నాలు పెట్టుకుందామని మాట అనుకున్నారు.

కోతల రోజుల్లో అబ్బాయికి నిద్ర పట్టడం లేదు. కాయల కాపలా అనుకున్నారు. నలుగురిలో కలవడం మానేశాడు. పనుల ఒత్తిడి అనుకున్నారు. బోరు నీళ్లలో ఎవరో మందు కలుపుతున్నారని ఒక రోజు పక్క చేనివాళ్లతో గొడవ పడ్డాడు. గట్టు తగాదా అనుకున్నారు. ఒక మధ్యాహ్నం మరదలు కల్లం దగ్గరకు అన్నం క్యారేజీ తెస్తే మూత తీసి వాసన చూసి పక్కన పెట్టేశాడు. “నువ్వు కూడా వాళ్లలో కలిశావా?” అని అడిగాడు.

“బావా, నేను బావా” అని ఆ పిల్ల ఏడ్చింది. ఇంటికి వెళ్లి అత్తతో చెబితే, “పెళ్లి దగ్గర పడింది గదమ్మా, బెంగ పెట్టుకున్నాడు. బయట అనబాకు” అని అత్త నోరు మూయించింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఇలాంటి ఇళ్లలో మార్పును ముందు పసిగట్టేది చాలాసార్లు మనసిచ్చిన మనిషే. కానీ పెళ్లి కాని పిల్ల మాటకు ఇంట్లో విలువ ఉండదు. “గాలి సోకింది” అనే పెద్దమ్మ మాటకు, “ఎవరో చేయించారు” అనే బాబాయి మాటకు ఉన్న బరువు ఆమె కన్నీళ్లకు ఉండదు. తాయెత్తులు, దిష్టి తీతలు, సోది, భూతవైద్యుడు అన్నీ అయ్యేసరికి నెలలు గడిచిపోతాయి. ఒకసారి సంవత్సరాలే గడుస్తాయి.

ఆ నెలలే విలువైనవి

ఈ జబ్బులో మొదటి కాలం చాలా ముఖ్యమని మానసిక వైద్యులు చెబుతారు. ఎంత త్వరగా మందు మొదలైతే కోలుకునే అవకాశం అంత ఎక్కువ. ఎవరూ లేకుండా చెవిలో మాటలు వినిపించడం, తనను ఎవరో వెంటాడుతున్నారని గట్టిగా నమ్మడం, నిద్ర పోవడం, స్నానం, తిండి, పని మీద ధ్యాస తప్పడం, తనలో తాను మాట్లాడుకోవడం దీని గుర్తులు. వీటిలో ఒక్కటి ఒక రోజు కనిపించినంత మాత్రాన జబ్బు అనుకోనక్కర్లేదు. కొన్ని వారాలపాటు కలిసి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

దీనికి మొదటి మందు 1952లో ఫ్రాన్సులో వాడుకలోకి వచ్చింది. అంతకు ముందు గొలుసులు, గదులే వైద్యం. తర్వాత ఇంకా మంచి మందులు వచ్చాయి. ముగ్గురిలో కనీసం ఒకరు పూర్తిగా కోలుకోగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మిగిలినవారిలోనూ చాలామంది మందు వాడుతూ పనీపాటా చేసుకుంటూ ఉండగలరు. కానీ తగ్గిందని ఎవరికివారే మందు ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది.

వైద్యం ఉండి కూడా అందనివారే ఎక్కువ. బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ 2015, 2016 సంవత్సరాల్లో 12 రాష్ట్రాల్లో జరిపిన సర్వేలో మానసిక జబ్బులు ఉన్నవారిలో జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదని తేలింది.

సామెతలో మొదటి సగం నిజమే. జబ్బు కుదుటపడ్డాకే పెళ్లి మాట. రెండో సగమే అబద్ధం. పెళ్లి పనుల అలసట, నిద్రలేమి, చేతిలో డబ్బు లేని కంగారు, కొత్త మనిషి, కొత్త బాధ్యత ఇవన్నీ జబ్బును తగ్గించకపోగా పెంచే ప్రమాదం ఉంది.

దాస్తే దాగదు

చాలా ఇళ్లలో రెండో తప్పు దాచడం. అవతలివారికి తెలిస్తే సంబంధం పోతుందని మందులు కూడా ఆపించి పీటల మీద కూర్చోబెడతారు. పెళ్లయిన మూడో నెలకో, తొలి కాన్పుకో జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు జబ్బు కన్నా మోసమే పెద్దదిగా కనిపిస్తుంది.

ఈ విషయంలో చట్టం కూడా స్పష్టంగానే ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం ముఖ్యమైన సంగతి దాచి మోసంతో పెళ్లికి ఒప్పిస్తే, ఆ మోసం తెలిసిన ఏడాదిలోగా పెళ్లి రద్దు కోరవచ్చు. కానీ జబ్బు పేరు చెప్పగానే విడాకులు వస్తాయనుకుంటే అది పొరపాటు. 1976 సవరణ తర్వాత, కలిసి కాపురం చేయడం సాధ్యం కానంత తీవ్రంగా జబ్బు ఉందని రుజువు చేయాలి. డాక్టరు చీటీ మీద స్కిజోఫ్రీనియా అని రాసినంత మాత్రాన సరిపోదని, జబ్బు ఏ స్థాయిలో ఉందో తేల్చాలని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది.

2013 సెప్టెంబరు 17న ఒక తెలుగు జంట కేసులో ఇదే మాట మళ్లీ వచ్చింది. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లు. 1995లో కాకినాడలో పెళ్లయింది. ఆమెకు స్కిజోఫ్రీనియా ఉందని భర్త విడాకులు కోరాడు. కింది కోర్టు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రద్దు చేసింది. హైకోర్టు తీర్పే సరైనదని సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె ఎం.బి.బి.ఎస్. తర్వాత పై చదువు కూడా పూర్తి చేసి ప్రభుత్వ వైద్యురాలిగా ఉద్యోగం చేస్తున్న సంగతిని హైకోర్టు ఎత్తి చూపింది. అంత తీవ్రమైన జబ్బే ఉంటే అది సాధ్యమయ్యేది కాదని పేర్కొంది. పెళ్లిలో మంచీ చెడూ రెండూ ఉంటాయని, జబ్బు చేసిందన్న ఒక్క కారణంతో భార్యను వదిలేయడం కుదరదని సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. మనసుకు జబ్బు వచ్చిన మనిషి కూడా చదవగలదని, పదిమందికి వైద్యం చేయగలదని పల్లెల్లో తలిదండ్రులకు ఈ కేసు గురించి చెప్పవలసి ఉంది.

చిర్రావూరు బిడ్డ చేసిన పాత్ర

పెళ్లి మందు కానట్లే ప్రేమ కూడా మందు కాదు. ఈ సంగతిని మన జిల్లా బిడ్డ ఏనాడో తెర మీద చూపింది. గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రి 1960లో “చివరకు మిగిలేది” అనే చిత్రంలో పిచ్చాసుపత్రి నర్సు వేషం వేసింది. అంతకు ముందు ఏడాది వచ్చిన బెంగాలీ చిత్రానికి ఇది తెలుగు రూపం. రోగిని మామూలు మనిషిని చేయడానికి ప్రేమను మందుగా వాడాలని అందులో వైద్యుడు అనుకుంటాడు. నర్సు ప్రేమ నటించబోయి నిజంగానే ప్రేమిస్తుంది. రోగి కోలుకుంటాడు. చివరకు మతి చెదిరేది ఆమెకే. సినిమా కథే అయినా అందులో పాఠం ఉంది. ఒక మనిషి బరువు మొత్తం ఒక్క ఆడపిల్ల ప్రేమ మీద మోపితే ఆ పిల్ల విరిగిపోతుంది.

పరాయి దేశంలోనూ ఇదే పరీక్ష. అమెరికా గణిత శాస్త్రవేత్త జాన్ నాష్, అలీషియా 1957లో పెళ్లి చేసుకున్నారు. 1959లో ఆయనకు స్కిజోఫ్రీనియా వచ్చింది. అప్పటికామె గర్భవతి. నాలుగేళ్లు పడలేని పాట్లు పడి 1963లో విడాకులు తీసుకుంది. కానీ 1970లో, దిక్కులేని స్థితిలో ఉన్న ఆయనను తన ఇంట్లోనే ఉంచుకుంది. భార్యగా కాదు, అన్నం పెట్టే మనిషిగా. ఏళ్లు గడిచాక ఆయన తేరుకున్నారు. 1994లో నోబెల్ బహుమతి అందుకున్నారు. 2001లో ఇద్దరూ మళ్లీ పెళ్లి చేసుకున్నారు. 2015లో కారు ప్రమాదంలో ఇద్దరూ కలిసే మరణించారు. నాష్ 1970 తర్వాత మందులు వాడలేదు. అలా కోలుకోవడం అరుదు కనుక దాన్ని చూసి ఎవరూ మందులు మానరాదు. నేర్చుకోవలసింది అలీషియా నుంచి. విడిపోయినా ఆమె ఆ మనిషిని విడిచిపెట్టలేదు.

కాదనే హక్కు కూడా ఉంది

మళ్లీ మన కల్లం దగ్గరకు వద్దాం. ఆ మరదలు ఏం చేయాలి? “నువ్వు కాదంటే వాడు ఏమైపోతాడు?” అని అందరూ ఆ పిల్లనే నిలదీయడం ఏమి న్యాయం? ప్రేమించిన పాపానికి వైద్యం బాధ్యత మొత్తం ఆమె నెత్తిన పెట్టడం తగదు. కాదనే హక్కు ఆమెకు ఉంది. అలాగని జబ్బు పేరు వినగానే ఊరివాళ్లు భయపెట్టి సంబంధం తెంపడమూ తగదు. ముందు వైద్యం జరగాలి. డాక్టరు దగ్గరకు ఆ పిల్లను కూడా తీసుకువెళ్లి, జబ్బు ఏమిటో, మందు ఎంతకాలమో, పిల్లల సంగతి ఏమిటో ఆమె చెవిన పడనివ్వాలి. తలిదండ్రుల్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సుమారు పదిలో ఒకటి. అంటే పదిమందిలో తొమ్మిదిమందికి రాదు. ఈ లెక్క తెలిశాక ఆమె తీసుకునే నిర్ణయం ఆమె సొంతం.

ఆ మధ్యలో ఇంటివారు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. మన పల్లెల్లో పురుగుమందు డబ్బాలు వసారాలో, మంచం కింద ఉంటాయి. ఈ జబ్బు ఉన్నవారిలో ఆత్మహత్య ప్రమాదం ఎక్కువ. కనుక ఆ డబ్బాలను తాళం వేసి దూరంగా ఉంచడం మొదటి పని. ఎగతాళి, తిట్లు, కొట్టడం జబ్బును పెంచుతాయి. మందు వేళకు ఇవ్వడం, నిద్ర చూడడం, చేతనైన పని చేయనివ్వడం మేలు చేస్తాయి.

కట్టి పడేయడం అసలే కూడదు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న పాకకు నిప్పంటుకుంటే గొలుసులతో కట్టి ఉన్న 28 మంది రోగులు బయటపడలేక కాలిపోయారు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది. ప్రభుత్వ వైద్యం పొందడం రోగి హక్కు అని కూడా ఆ చట్టం చెబుతోంది. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతదూరం వెళ్లే ముందు సలహా కావాలంటే 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ టెలిమానస్ సేవలో తెలుగులోనే మాట్లాడవచ్చు.

హక్కు కాగితం మీద ఉన్నంత మాత్రాన చాలదు. కోతల కాలంలో కూలి పోగొట్టుకుని, బస్సు ఎక్కి, రోజంతా ఆసుపత్రి వరండాలో కూర్చోవడం పేద ఇంటికి నెల నెలా సాధ్యమయ్యే పని కాదు. ఈ మందులు మండల స్థాయి ఆసుపత్రుల్లోనే తప్పకుండా దొరికేలా, మానసిక వైద్యుడు నెలకొకసారైనా అక్కడికి వచ్చేలా అధికారులు చూడాలి. ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్లి జ్వరం గురించి అడిగినట్లే నిద్ర గురించి, దిగులు గురించి కూడా అడగాలి.

పంటకు తెగులు వస్తే మొదటి ఆకు ముడుచుకున్న రోజే రైతు కొమ్మ తుంచుకుని మందుల కొట్టుకు పరుగెడతాడు. తెగులు సోకిందని ఎవరూ చేనును దాచరు. కొడుకు విషయంలోనూ ఆ పాటి తొందర చూపితే, మిర్చి అమ్మగానే పెట్టుకుందామనుకున్న ఆ లగ్నాలు వచ్చే ఏటికి వాయిదా పడతాయేమో. ఆ ఏడాదిలో ఆ ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి పూర్తిగా తెలుస్తుంది. ఆ తర్వాత ఆ పిల్ల అవునన్నా, కాదన్నా అది తెలిసి చెప్పిన మాట అవుతుంది.