పున్నమికి మనసు జబ్బు ముదురుతుందా? అసలు సంగతి నిద్రలో ఉంది

"అమాసకూ పున్నానికీ ఆ పిల్లోడికి ఎక్కువవుతుంది." అనంతపురం, గుంతకల్లు, కదిరి, హిందూపురం... ఏ ఊరి ముస్లిం మొహల్లాలో అడిగినా ఈ మాట చెప్పేవాళ్లు ఒకరైనా ఉంటారు. మనిషి రాత్రంతా నిద్రపోకుండా తిరిగినా, ఉన్నట్టుండి కేకలు వేసినా, తనలో తానే మాట్లాడుకున్నా ముందు గోడ మీద క్యాలెండర్ చూస్తారు. పద్నాలుగో చాంద్ దగ్గర్లో ఉంటే 'అసర్ ఉంది' అనో, 'గాలి సోకింది' అనో తేల్చేస్తారు. తాయెత్తు కడతారు, దర్గాకు తీసుకెళ్తారు. డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి.

పున్నమికి నిజంగా అంత శక్తి ఉందా? పరిశోధనలు ఏం చెప్తున్నాయి, దీన్ ఏం చెప్తోంది, ఇంట్లోవాళ్లు ఏం చేయాలి అన్నది చూద్దాం.

చట్టం పేరులోనే చంద్రుడు

ఈ నమ్మకం రాయలసీమలో పుట్టింది కాదు. లాటిన్ భాషలో లూనా అంటే చంద్రుడు. మతి తప్పిన మనిషిని ఇంగ్లీషులో 'లూనాటిక్' అనడం అక్కడి నుంచే వచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలో 1912లో తెచ్చిన చట్టం పేరు కూడా 'ఇండియన్ లూనసీ యాక్ట్'. దాని స్థానంలో 1987లో మానసిక ఆరోగ్య చట్టం చేసే దాకా చంద్రుడి పేరు చట్టంలో అట్లే ఉండిపోయింది.

లెక్క తీస్తే ఏం తేలింది?

జేమ్స్ రాటన్, ఇవాన్ కెల్లీ అనే పరిశోధకులు 1985లో ఈ విషయంపై అప్పటికి వచ్చిన 37 అధ్యయనాలను ఒక్కచోట పెట్టి లెక్కగట్టారు. మానసిక ఆసుపత్రుల్లో చేరికలు, నేరాలు, సాయం కోరుతూ వచ్చే ఫోన్లు ఇవన్నీ అందులో ఉన్నాయి. మనుషుల ప్రవర్తనలో కనిపించే తేడాల్లో ఒక్క శాతం కూడా చంద్రుడి వల్ల అని చెప్పడానికి లేదని తేలింది.

మరి ఇంట్లోవాళ్లు కళ్లారా చూశామంటారు కదా? వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఖాతా సగమే రాస్తున్నారు. దుకాణదారు వచ్చిన డబ్బు మాత్రమే రాసి, పోయింది రాయకపోతే ఆ పుస్తకం ఎప్పుడూ లాభమే చూపిస్తుంది. పున్నమికి గొడవ జరిగితే పదేళ్లయినా గుర్తుంటుంది. పున్నమి ప్రశాంతంగా గడిచిపోతే ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఏడో చాంద్ నాడు గొడవ జరిగితే దానికి ఇంకో కారణం వెతుక్కుంటారు.

ఇంకో లెక్క చూడండి. పున్నమి, దానికి ముందు రోజు, తర్వాతి రోజు కలిపితే మూడు రోజులు. అమావాస్యకూ అట్లే మూడు. నెలలో ఆరు రోజులు. అంటే చంద్రుడికి ఏ సంబంధం లేకపోయినా, ప్రతి ఐదు గొడవల్లో ఒకటి ఎట్లాగూ ఆ రోజుల్లోనే పడుతుంది. నమ్మకం బలపడటానికి అది చాలు.

సముద్రం పొంగుతుంది కదా?

'సముద్రాన్నే లాగే చంద్రుడు ఒంట్లో నీళ్లను లాగడా?' అని చదువుకున్నవాళ్లు కూడా అడుగుతారు. అమెరికాలో ఆర్నాల్డ్ లీబర్ అనే సైకియాట్రిస్టు 1978లో ఇదే వాదనతో పుస్తకం రాశారు. కానీ ఆటుపోట్లు రావాలంటే వేల కిలోమీటర్ల నీళ్లు కావాలి. చంద్రుడి లాగుడు ఒక చివర ఎక్కువ, ఇంకో చివర తక్కువ ఉంటేనే పోటు వస్తుంది. బుక్కరాయసముద్రం చెరువు నిండినా అందులో కంటికి కనిపించే పోటు రాదు. అలాంటిది ఆరడుగుల మనిషిలో ఎట్లా వస్తుంది?

నిద్ర దగ్గర మాత్రం కొంత నిజం ఉంది

అర్జెంటీనాలోని తోబా అనే ఆదివాసీ జనం నిద్రను పరిశోధకులు చేతికి కట్టే పరికరాలతో కొలిచారు. ఆ ఫలితాలు 2021లో వచ్చాయి. పున్నమికి ముందు మూడు నుంచి ఐదు రాత్రులు వాళ్లు ఆలస్యంగా పడుకున్నారు, తక్కువ నిద్రపోయారు. ఆ రోజుల్లో పొద్దు గుంకాక కూడా వెన్నెల ఉంటుంది, జనం మెలకువగా ఉంటారు. అయితే దీపాల వెలుగులో ఉండే అమెరికా నగరం సియాటిల్ విద్యార్థుల్లోనూ ఇలాంటి తేడాయే కనిపించింది. కాబట్టి వెన్నెల ఒక్కటే కారణమా అన్నది ఇంకా తేలాల్సి ఉంది.

ఇది అనంతపురానికి కొత్తగా అనిపించదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే నేల ఇది. ఎండాకాలం రాత్రుళ్లు మిద్దె మీద పడుకోవడం, వెన్నెల్లో పొద్దుపోయేదాకా మాట్లాడుకోవడం ఇక్కడ మామూలే.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒక రాత్రి నిద్ర తగ్గితే మరుసటి రోజు చిరాకు, అంతే. బైపోలార్ జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు. ఈ జబ్బులో కొన్నాళ్లు పట్టలేని హుషారు, కొన్నాళ్లు లేవలేని దిగులు ఉంటాయి. వీళ్లకు ఒకటి రెండు రాత్రుల నిద్ర పోయినా జబ్బు తిరగబెట్టవచ్చు. మూర్ఛ ఉన్నవాళ్లకు కూడా నిద్ర లేకపోతే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. అమెరికా సైకియాట్రిస్టు థామస్ వేర్ 2018లో, త్వరత్వరగా మూడ్ మారిపోయే 17 మంది బైపోలార్ రోగుల వివరాలు ప్రచురించారు. వాళ్ల మూడ్ మార్పులు చంద్రుడి గతితో కలిసి నడిచినట్టు కనిపించింది. 17 మంది చిన్న సంఖ్యే, దాంతో అందరికీ వర్తించే సూత్రం చెప్పలేం.

జాగారం రాత్రులు

షబె బరాత్ షాబాన్ నెల 15వ రాత్రి. అంటే దాదాపు పున్నమే. ఆ రాత్రి చాలామంది తెల్లవార్లూ మేలుకుంటారు. ఉర్సులు, మొహర్రం పీర్ల రాత్రులు, రంజాన్‌లో తరావీహ్, సెహ్రీ ఇవన్నీ నిద్ర వేళలు మార్చేవే. ఆ తర్వాత జబ్బు ముదిరితే నింద చాంద్ మీద పడుతుంది. పోయిన నిద్ర గురించి ఎవరూ అడగరు.

ఇబాదత్ మానమని దీని అర్థం కాదు. జబ్బు ఉన్నవాళ్లు ఇషా తర్వాత పడుకుని ఫజర్‌కు లేవడం మేలు. రంజాన్‌లో మందుల వేళలు ఎట్లా మార్చాలో నెల మొదలవకముందే డాక్టర్‌ను అడగాలి. రోగులకు రోజాలో సడలింపు ఖుర్‌ఆన్‌లోనే ఉంది.

దీన్ ఏం చెప్తోంది?

నెలవంకలు ప్రజలకు కాలాన్ని, హజ్ వేళను తెలిపేందుకని సూరా బఖరా 189వ ఆయత్ చెప్తుంది. దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం చనిపోయిన రోజు సూర్యగ్రహణం పట్టింది. జనం రెండింటినీ ముడిపెడితే, సూర్యచంద్రులకు ఎవరి చావు పుట్టుకల వల్లా గ్రహణం పట్టదని ఆయన చెప్పారు. ప్రతి చాంద్‌లో 13, 14, 15 తేదీల్లో అయ్యామె బీజ్ రోజాలు ఉంచడం సున్నత్. ఆ రోజులు భయపడాల్సినవి కావు. పదో శతాబ్దంలోనే అబూ జైద్ అల్ బల్ఖీ ఒంటి జబ్బులతో పాటు మనసు జబ్బుల గురించి కూడా పుస్తకం రాశారు.

దవా, దువా రెండూ

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గరున్న ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసి ఉంచిన మానసిక రోగులు కదల్లేక 28 మంది చనిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదని స్పష్టంగా చెప్తోంది.

గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గాలో 'దవా, దువా' అనే పద్ధతి నడిచింది. ముజావర్లే రోగులను డాక్టర్ దగ్గరికి పంపుతారు. దువా ఆగదు, మందూ ఆగదు. పెనుకొండ బాబయ్య దర్గాకు వెళ్లే కుటుంబాలు కూడా ఇదే దారి పట్టవచ్చు.

ఇంట్లో చేయాల్సినవి

ఇంట్లో ఉన్న ఉర్దూ క్యాలెండర్‌లో ప్రతి చాంద్ తేదీ పక్కన రోగి ఎన్ని గంటలు నిద్రపోయాడో రాయండి. గొడవ జరిగిన రోజూ, జరగని రోజూ రాయాలి. మూడు నెలలు రాసి ఆ కాగితం డాక్టర్‌కు చూపించండి. అది ఏ ఊహ కన్నా ఎక్కువ పనికొస్తుంది.

వరుసగా రెండు రాత్రులు నిద్ర లేకపోయినా అలసట కనిపించకపోతే, లేని మాటలు వినిపిస్తున్నాయంటే, అర్థం లేకుండా ఖర్చు పెడుతుంటే పున్నమి దాటేదాకా ఆగవద్దు. వాన లేక చెనక్కాయ పంట పోయి, అప్పులు మీద పడి చావు మాటలు మాట్లాడే మనిషిని ఒంటరిగా వదలవద్దు. వెంటనే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఈ 'టెలి మానస్' సేవ ఉచితం, రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. అనంతపురం ప్రభుత్వ సర్వజనాస్పత్రిలో మానసిక వైద్యులను చూపించుకోవచ్చు. ఇంకా పెద్ద వైద్యం కావాలంటే బెంగళూరు నిమ్హాన్స్ ఉంది.

నిమ్హాన్స్ చేసిన 2015-16 జాతీయ సర్వేలో దేశంలోని పెద్దవాళ్లలో దాదాపు పది మందికి ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. వాళ్లలో ఎక్కువమందికి వైద్యం అందడం లేదు. అంటే ప్రతి మొహల్లాలోనూ ఇలాంటి కుటుంబాలు ఉన్నాయి. చాంద్ ప్రతి నెలా నిండుతుంది, తగ్గుతుంది. జబ్బు మాత్రం మందు లేకుండా దానంతట అదే తగ్గుతుందని ఎదురుచూడటం ప్రమాదం.