గిటారు మోతకు ఎర్త్ పిన్ను విరవకండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సభల్లో పాట ఆగగానే గిటారు ఆంప్ 'గుంయ్'మంటుంది. అది పోవాలని కొందరు యౌవనస్థులు ఆంప్ ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను విరిచేస్తున్నారు. సంఘ పెద్దలను మేము కోరేది, ఆ పని చేయనివ్వకండి. లోపల వైరు తెగి డబ్బాకు తగిలితే 230 వోల్టులు గిటారు తీగలకు చేరతాయి. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు, ఎర్త్ సరిగా లేని మైకు ముట్టుకుని వేదికమీదే కరెంటు షాకుతో చనిపోయాడు.

మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు తిరుగుతుంది. గిటారులోని పికప్, అంటే అయస్కాంతానికి చుట్టిన సన్నని రాగితీగ, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్, ట్యూబులైటు చోకుల ప్రభావాన్ని కూడా పట్టేస్తుంది. వాయించేవారు పక్కకు తిరిగినప్పుడు మోత తగ్గితే కారణం ఇదే. కాస్త దూరం జరిగితే చాలు. రెండు చుట్టల హంబకర్ పికప్ ఉంటే ఈ బాధ బాగా తక్కువ, కానీ ఖర్చు.

తిరిగినా తగ్గలేదా? ఆంప్ ఒక బోర్డు నుంచి, మిక్సర్ మరో బోర్డు నుంచి కరెంటు తీసుకుంటున్నాయేమో చూడండి. రెండింటినీ ఒకే బోర్డుకు పెడితే చాలావరకు పోతుంది. లేదంటే డీఐ బాక్సు మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వాడండి. అది సిగ్నల్ వైరులోని గ్రౌండును మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు.

ఇంకొకటి. పక్కింటి నుంచి పందిరికి రెండు వైర్లే లాగితే ఎర్త్ అసలే ఉండదు. మైకుసెట్టు అతనితో మూడో వైరు కూడా వేయించాకే ఆంప్ ఆన్ చేయించండి.