గెలిచినవాడు అందరివాడే, మరి ఓడినవాడు?

ఇవాళ బాక్సింగ్ గురించి మాట్లాడుకుందాం. మన తెలుగు కార్యక్రమాల్లో క్రికెట్‌కి ఉన్న చోటు బాక్సింగ్‌కి లేదని నాకు తెలుసు. ఒకళ్ళ మూతి ఒకళ్ళు పగలగొట్టుకునే ఆట గురించి కూర్చుని వినాలా అని కొందరికి అనిపించవచ్చు కూడా. అయితే నేను చెప్పబోయేది దెబ్బల గురించి తక్కువ, ఆ దెబ్బలు చూసి ఒక జాతి మొత్తం రొమ్ము విరుచుకోవటం గురించి ఎక్కువ. పరాయి దేశంలో పిల్లల్ని పెంచుకుంటున్న మనకి ఈ సంగతి కొంత పనికొస్తుందని నా నమ్మకం.

2016 డిసెంబర్ 10న ఇక్కడే, ఆక్లండ్‌లో, అప్పట్లో వెక్టర్ అరీనా అని పిలిచే హాల్లో డబ్ల్యు.బి.ఓ. ప్రపంచ హెవీవెయిట్ బెల్టు కోసం ఒక పోటీ జరిగింది. ఒకవైపు జోసెఫ్ పార్కర్. సౌత్ ఆక్లండ్ కుర్రాడు, తల్లిదండ్రులు సమోవా వాళ్ళు. రెండోవైపు ఆండీ రూయిజ్. కాలిఫోర్నియాలో పుట్టాడు, తల్లిదండ్రులు మెక్సికో వాళ్ళు. పన్నెండు రౌండ్లూ పూర్తయ్యాక ఒక న్యాయనిర్ణేత సమానమన్నాడు, మిగతా ఇద్దరూ పార్కర్‌కి రెండేసి పాయింట్ల ఆధిక్యం ఇచ్చారు. న్యూజీలాండ్‌కి మొదటిసారి ఒక ప్రధాన హెవీవెయిట్ బెల్టు దక్కింది. రింగులో ఉన్న ఇద్దరూ వలస వచ్చిన వాళ్ళ పిల్లలే. మరి ఆ గెలుపు ఎవరిది, ఆ ఓటమి ఎవరిది? ఈ ప్రశ్నకి జవాబు వెతకాలంటే ముందు రెండు దేశాలు తిరిగి రావాలి. ఒకటి మెక్సికో, రెండోది ఫిలిప్పీన్స్. బాక్సింగ్‌ని ఇంటి పరువుగా చూసుకోవటంలో ఈ రెండిటికీ సాటి వచ్చే దేశాలు తక్కువ.

మెక్సికోలో ఇది పేదవాడల ఆట. మెక్సికో నగరంలో తెపీతో అనే పేట ఉంది. సంతకీ, చోరబజారుకీ పేరు మోసిన చోటు. 1950లలో దేశాన్ని ఊపేసిన రౌల్ మసియాస్ ఆ పేటవాడే. తర్వాతి తరానికి హూలియో సీజర్ చావెజ్ దేవుడయ్యాడు. తండ్రి రైల్వేలో పనిచేసేవాడు, ఇంటిల్లిపాదీ పాత రైలుపెట్టెలో కాపురం. 1993 ఫిబ్రవరి 20న మెక్సికో నగరంలోని అస్తెకా స్టేడియంలో చావెజ్ ఆట చూడటానికి 1,32,000 మందికి పైగా వచ్చారు. ప్రత్యర్థి గ్రెగ్ హాగెన్ అనే అమెరికన్. చావెజ్ ఇన్నాళ్ళూ ఓడించింది టిహువానా టాక్సీ డ్రైవర్లనే అని ఎద్దేవా చేసి వచ్చాడు. అయిదో రౌండులో అతని పని అయిపోయింది.

అక్కడి గర్వాన్ని అర్థం చేసుకోవాలంటే ఒక్క దెబ్బ సంగతి తెలిస్తే చాలు. ఎడమచేత్తో ఎదుటివాడి కుడి డొక్కలో, సరిగ్గా కాలేయం మీద కొట్టే హుక్. తలమీద గట్టి దెబ్బ తగిలితే మనిషికి కళ్ళు బైర్లు కమ్ముతాయి. కాలేయం మీద తగిలితే ఒకటి రెండు క్షణాలు ఏమీ జరగనట్టే ఉంటుంది, ఆ తర్వాత కాళ్ళు చచ్చుబడి కూలబడతాడు. తెలివి ఉంటుంది, ఒళ్ళు మాట వినదు. ఈ దెబ్బ దూరంనుంచి కొట్టటం కుదరదు. ఎదుటివాడి గుండెలకి ఆనుకున్నంత దగ్గరికి వెళ్ళాలి, వెళ్ళేటప్పుడు నాలుగు తినాలి. అందుకే మెక్సికో అభిమానికి ముందుకి నడిచేవాడంటే ప్రాణం. తప్పించుకు తిరుగుతూ పాయింట్లతో గెలిచేవాడంటే అంత మోజు ఉండదు. ఎలా కొట్లాడావన్నదే అక్కడ మొదటి లెక్క, గెలుపోటములు ఆ తర్వాత.

ఈ లెక్క ఎంత కఠినమో చెప్పటానికి ఆస్కార్ డి లా హోయా కథ ఒకటి చాలు. తల్లిదండ్రులు మెక్సికో వాళ్ళు, పుట్టింది లాస్ ఏంజెలెస్‌లో. 1992 బార్సెలోనా ఒలింపిక్స్‌లో అమెరికా తరపున స్వర్ణం గెలిచి, రింగులో రెండు దేశాల జెండాలూ పట్టుకున్నాడు. 1996 జూన్‌లో చావెజ్‌తో తలపడ్డాడు. వయసు మీదపడిన చావెజ్ కంటిమీద గాయంతో నాలుగో రౌండులోనే ఆగిపోయాడు. గెలిచింది మెక్సికో రక్తమే. కానీ మెక్సికో అభిమానుల్లో చాలామంది మనసు ఓడిన చావెజ్ దగ్గరే ఉండిపోయింది. డి లా హోయా అందగాడు, ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు, డబ్బు గడించాడు. అవన్నీ అతనికి అడ్డే అయ్యాయి. వలస వెళ్ళిన వాళ్ళ బిడ్డ తిరిగి వచ్చి 'నేను మీవాణ్ణే' అంటే, 'ఏదీ, ముందు నిరూపించుకో' అనే గర్వం అది.

ఇక ఫిలిప్పీన్స్ దారి వేరు. 1898లో స్పెయిన్ పోయి అమెరికా వచ్చింది. అమెరికన్ సిపాయిలూ నావికులతోపాటు బాక్సింగ్ కూడా దిగింది. పాలకుల ఆటని పాలితులు నేర్చుకున్నారు. నీగ్రోస్ ద్వీపంనుంచి వచ్చిన ఫ్రాన్సిస్కో గిలేదో అనే కుర్రాడు పాంచో విల్లా అన్న పేరుతో 1923 జూన్ 18న న్యూయార్క్‌లో బ్రిటన్‌కి చెందిన జిమ్మీ వైల్డ్‌ని పడగొట్టి ఫ్లైవెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఫ్లైవెయిట్ అంటే 51 కిలోలకి మించని వాళ్ళ తరగతి. ఆసియానుంచి ప్రపంచ ఛాంపియన్ అయిన మొదటి బాక్సర్ అతనే. సొంత జెండా లేని జాతికి అదెంత పెద్ద సంగతో, తెల్లదొరల కాలంలో మన కోడి రామ్మూర్తి నాయుడు బలప్రదర్శనలకి జనం ఎందుకు విరగబడి వచ్చేవారో గుర్తు తెచ్చుకుంటే మనకి తెలుస్తుంది. రెండేళ్ళకే, 1925 జూలైలో, పంటి ఇన్‌ఫెక్షన్ ముదిరి విల్లా కన్నుమూశాడు. అప్పటికి 23 ఏళ్ళు.

ఆ వరసలోని పెద్ద పేరు మానీ పాకియావ్. మిందనావ్‌లో పేద కుటుంబం. చిన్న వయసులోనే ఇల్లు వదిలి మనీలా చేరాడు. 1995లో మొదటి ప్రొఫెషనల్ పోటీనాటికి బరువు చాలక జేబుల్లో బరువులు పెట్టుకుని తూకమెక్కాడట. అలాంటివాడు ఎనిమిది వేర్వేరు బరువు తరగతుల్లో ప్రపంచ టైటిళ్ళు గెలిచాడు. ఈ ఘనత మరెవరికీ లేదు. అతను ఆడేది అమెరికాలో శనివారం రాత్రి, అంటే ఫిలిప్పీన్స్‌లో ఆదివారం మధ్యాహ్నం. ఆ సమయానికి వీధులు ఖాళీ. సినిమాహాళ్ళలో, ఊరి వ్యాయామశాలల్లో తెరలు కట్టి చూసేవాళ్ళు.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. లక్షల మంది ఫిలిప్పినోలు పొట్ట చేతబట్టుకుని దేశాలు పట్టి పోయినవాళ్ళు. మన న్యూజీలాండ్‌లోనే చూడండి, పాడి ఫారాల్లో, ఆస్పత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో వాళ్ళు కనిపిస్తారు. 2011 భూకంపం తర్వాత క్రైస్ట్‌చర్చ్‌ని తిరిగి కట్టటంలో వాళ్ళ చెయ్యి ఉంది. పరాయిచోట ఒళ్ళు హూనం చేసుకుని ఇంటికి డబ్బు పంపే మనిషి వాళ్ళకి కొత్త కాదు. పాకియావ్ చేసిందీ అదే పని, కాకపోతే అందరూ చూస్తుండగా చేశాడు. అందుకే అతను వాళ్ళకి వీరుడికన్నా ముందు ఇంటిమనిషి. మెక్సికో గర్వం పరీక్ష పెడుతుంది, ఫిలిప్పినో గర్వం విస్తరి వేస్తుంది.

ఈ రెండు గర్వాలూ చాలాసార్లు ఢీకొన్నాయి. 2003లో శాన్ ఆంటోనియోలో మార్కో ఆంటోనియో బరేరాని ఓడించి పాకియావ్ పెద్దవాళ్ళ వరసలోకొచ్చాడు. ఎరిక్ మొరాలెస్ చేతిలో 2005లో ఓడి, 2006లో రెండుసార్లు గెలిచాడు. హువాన్ మాన్యువల్ మార్కెజ్‌తో నాలుగు పోటీలు. మొదటిది సమానం, తర్వాతి రెండూ పాకియావ్ గెలిచినట్టు ప్రకటించారు, ఆ తీర్పుల మీద మెక్సికో వాళ్ళు ఇప్పటికీ వాదిస్తారు. 2012 డిసెంబర్ 8న నాలుగోది. ఆరో రౌండు ముగియటానికి ఒక్క క్షణం ఉందనగా మార్కెజ్ కుడిచేతి దెబ్బకి పాకియావ్ బోర్లా పడిపోయి కదల్లేదు.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ తర్వాత జరిగిన కథ. 2013 నవంబర్‌లో హైయాన్ తుఫాను ఫిలిప్పీన్స్‌ని ఛిన్నాభిన్నం చేసింది. వేల మంది పోయారు. అదే నెల 24న మకావులో పాకియావ్ మళ్ళీ రింగులోకి దిగాడు. ఎదురుగా మెక్సికో మూలాలున్న బ్రాండన్ రియోస్. పాకియావ్ గెలిచి, ఆ గెలుపుని తుఫాను బాధితులకి అంకితమిచ్చాడు. ఏడాది కిందట నేలమీద బోర్లా పడిన మనిషిని ఆ జనం వదిలెయ్యలేదు. 2016లో సెనేటర్‌గా ఎన్నుకున్నారు. 2022లో అధ్యక్ష పదవికి నిలబడితే మటుకు మూడో స్థానంతో సరిపెట్టారు. అంటే ప్రేమ వేరు, ఓటు వేరు అని కూడా వాళ్ళకి తెలుసు.

ఇప్పుడు మన ఊరికొద్దాం. న్యూజీలాండ్ తనదని చెప్పుకునే మొదటి ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ బాబ్ ఫిట్జ్‌సిమన్స్. పుట్టింది ఇంగ్లండ్‌లో, పెరిగింది తిమారూలో, కమ్మరిపని చేసినవాడు. 1897లో జిమ్ కార్బెట్‌ని ఓడించి హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. తిమారూలో ఆయన విగ్రహం ఉంది. న్యూజీలాండ్‌కి మొదటి ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది కూడా బాక్సరే. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో టెడ్ మోర్గన్. అతను పుట్టింది లండన్‌లో. 1992లో బార్సెలోనాలో కాంస్యం గెలిచిన డేవిడ్ తువా పుట్టింది సమోవాలో. చూశారా, ఈ దేశపు బాక్సింగ్ చరిత్రంతా బయటినుంచి వచ్చినవాళ్ళ చరిత్రే.

అయితే వచ్చిన వాళ్ళందరికీ ఒకే స్వాగతం దొరకలేదు. 1970లలో వీసా గడువు దాటిందన్న అనుమానంతో తెల్లవారకముందే పసిఫిక్ ద్వీపవాసుల ఇళ్ళమీద పోలీసులు పడేవారు. వాటినే డాన్ రెయిడ్స్ అంటారు. 2021 ఆగస్టులో ప్రధాని జెసిండా ఆర్డెర్న్ అందుకు ప్రభుత్వం తరపున క్షమాపణ చెప్పారు. అలా తలుపులు బాదించుకున్న సమాజంనుంచే తువా వచ్చాడు. 2000 నవంబర్‌లో లాస్ వేగస్‌లో లెన్నాక్స్ లూయిస్‌తో తువా తలపడిననాడు దేశమంతా అతన్ని మనవాడంది. పన్నెండు రౌండ్లూ నిలబడి పాయింట్లమీద ఓడాడు. మర్నాడు పత్రికల్లో విసుర్లు తప్పలేదు. కానీ సౌత్ ఆక్లండ్‌లో అతని స్థానం చెక్కుచెదరలేదు. ఆ తర్వాతే పార్కర్ లాంటి పిల్లలు జిమ్ముల్లో ఎదిగారు. పార్కర్‌కి సమోవాలో మతాయ్ హోదా కూడా ఇచ్చారు, అంటే కుటుంబ పెద్దరికం. ఒకే మనిషి రెండు జెండాలు మోస్తే ఇక్కడ ఎవరికీ చిన్నతనం అనిపించలేదు.

ఆ రాత్రి ఓడిన ఆండీ రూయిజ్ ఏమయ్యాడంటారా? 2019 జూన్ 1న న్యూయార్క్‌లో ఆంథొనీ జాషువాని పడగొట్టి, మెక్సికో సంతతిలో మొట్టమొదటి ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. ఆక్లండ్ ఓటమితో అతన్ని కొట్టిపారేసి ఉంటే ఆ గెలుపు వచ్చేది కాదు.

చివరగా మన సంగతి. మనకీ ఒక ఛాంపియన్ ఉంది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్. ఆడపిల్లకి బాక్సింగ్ ఏమిటి, ముఖానికి దెబ్బ తగిలితే పెళ్ళెవరు చేసుకుంటారని చుట్టాలు అన్న మాటలు ఆమే ఎన్నోసార్లు చెప్పింది. 2017లో భుజం గాయంతో ఆటకి దూరమైనప్పుడు మనలో ఎంతమందికి ఆమె పేరు తెలుసు? ఇస్తాంబుల్ తర్వాత ఫోన్లన్నీ ఆమె ఫోటోలతో నిండిపోయాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకి చెందిన వూ యూ చేతిలో ఓడి, పతకం తేలేకపోయినందుకు విలేకరుల ముందు సారీ చెప్పింది. ఆ వూ యూయే చివరికి స్వర్ణం గెలిచింది. తలమీద, పొట్టమీద దెబ్బలు తిన్నది తను, క్షమాపణ మనకి. ఆ మాట విన్నప్పుడు నాకు సిగ్గేసింది.

మెక్సికో, ఫిలిప్పీన్స్, సమోవా వాళ్ళనుంచి నేర్చుకోవలసింది ఇదేనని నాకు తోస్తుంది. వాళ్ళ గర్వంలో అతి ఉంది, పేదరికం ఉంది, తలకి తగిలే దెబ్బల ఖరీదు ఉంది. ఆ ఖరీదు తెలిసే మన పిల్లల్ని ఈ ఆటలోకి పంపాలో వద్దో ఎవరికి వారు నిర్ణయించుకోవాలి. కానీ ఓడి ఇంటికొచ్చిన బిడ్డని ఎలా చూడాలో వాళ్ళకి తెలుసు. ఇక్కడ మన పిల్లలు స్కూలు టీముల్లో ఆడుతున్నారు. రేపు ఎవరో ఒకరు నల్ల జెర్సీ వేసుకుంటారు. ఆ రోజు అందరం చప్పట్లు కొడతాం, అది కష్టం కాదు. శనివారం పొద్దున వానలో పదిమంది కూడా లేని మైదానంలో ఓడిపోయే ఆటకి వెళ్ళి గట్టుమీద నిలబడగలమా అన్నదే అసలు ప్రశ్న. మీ పేటలో అలాంటి ఆట ఏదైనా ఉంటే ఈ వారం వెళ్ళి చూడండి.